రాత్రి పదకొండింటి ఫౌల్

పూల్ ఆటకు ఒంట్లో సత్తువ ఎందుకండీ, కబుర్లు చెప్పుకుంటూ ఆడుకునేదేగా అని మన మిత్రుల్లో చాలామంది అంటుంటారు. భోజనాలయ్యాక బేస్‌మెంట్లో రెండు గేములు ఆడుకునేవారికి ఆ మాట చెల్లుతుంది. శనివారం పొద్దున మొదలై అర్ధరాత్రి దాటేదాకా సాగే పోటీలకు చెల్లదు.

ఈ దేశంలో ఇలాంటి పోటీలు తరచుగా రెండుసార్లు ఓడితేనే ఇంటికి పంపే పద్ధతిలో జరుగుతాయి. 64 మంది ఉన్న పోటీలో ఒక్కసారీ ఓడనివాడు 6 మ్యాచ్‌లు గెలిస్తే ఫైనల్‌కు చేరతాడు. మొదటి మ్యాచే ఓడినవాడు వరసగా 10 గెలవాలి. తొమ్మిదడుగుల బల్ల చుట్టూ తిరుగుతూ, ప్రతి దెబ్బకూ నడుము వంచుతూ పది మ్యాచ్‌లంటే మాటలు కాదు. ఎంత ఆరోగ్యవంతుడి చేతికైనా కంటికి ఆనని సన్నని వణుకు ఉంటుంది, సెకండుకు 8 నుంచి 12 సార్లు. అలసట, ఆందోళన, కాఫీ మూడూ దాన్ని పెంచేవే.

అయితే మమ్మల్ని ఆలోచింపజేసింది చేతి వణుకు కాదు. పెద్ద పోటీల్లో తప్ప బల్ల దగ్గర రిఫరీ ఉండడు. ఫౌల్ చేసినవాడే నోరు విప్పి చెప్పాలి. రాత్రి పదకొండింటికి చొక్కా చేయి తెల్ల బంతికి తగిలిందనుకోండి. ఎదుటివాడు చూడలేదు. పొద్దుటిపూట అయితే ఈయన ఠక్కున చెప్పేసేవాడే. ఇప్పుడు మాత్రం తగిలిందా లేదా అని తనకే సందేహం. ఆ సందేహం చిత్రంగా ఎప్పుడూ తనవైపే తీర్పు చెబుతుంది!

పాపం, అలిసిపోయాడు, వదిలేయండి అనవచ్చు. మా వృత్తిలో ఇది పాత వాదమే. 2003లో అమెరికా అంతటా రెసిడెంట్ల పనిని సగటున వారానికి 80 గంటలకు కట్టడి చేశారు. అలిసినవాణ్ణి తిట్టి లాభం లేదు, అంతసేపు నిలబెట్టడమే తప్పు అని ఒప్పుకోవడమే కదా అది. కాని రెసిడెంటుకు డ్యూటీ ఎవరో వేస్తారు. పోటీకి మనమే డబ్బు కట్టి వెళతాం. అందుకని ఆ ఫౌల్ దాచిన తప్పు ఆ రాత్రిది మాత్రమే కాదనీ, సాధన లేకుండా పేరు ఇచ్చిన నాడే సగం జరిగిపోయిందనీ మా అభిప్రాయం.

1961లో వచ్చిన 'ది హస్లర్' సినిమాలో పాల్ న్యూమన్ తాగుతూ ఆడి, గెలిచిన వేల డాలర్లూ పోగొట్టుకుంటాడు. ఎదుటి లావుపాటి ఆయన మధ్యలో మొహం కడుక్కుని, తల దువ్వుకుని, కోటు తొడుక్కుని మళ్లీ బల్ల దగ్గరికొస్తాడు. సినిమా దాన్ని శీలం అంటుంది. వైద్యులం గనుక మాకు అందులో చన్నీళ్లు కూడా కనిపించాయి.

సాధన పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. రోజూ 40 నిమిషాల వేగనడక, గుంజీళ్లు, సూర్యనమస్కారాలు. వారానికోసారి మూడు నాలుగు గంటలు ఆగకుండా ఆడి, ఆఖరి గంటలో మన ఫౌళ్లు మనమే పైకి చెప్పి లెక్కపెట్టుకోవాలి. అసలు సాధన ఇదే. పోటీ రోజున బిర్యానీ జోలికి పోక, డబ్బాలో పెరుగన్నం, అరటిపండ్లు, నీళ్లు.

ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకుంటే సరిపోదా అని మమ్మల్ని అడిగినవారున్నారు. వణుకు తగ్గించడానికి రోగులకు మేము రాసేదే. కాని ఆ కోవ మందులను ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ బిలియర్డ్స్ పోటీల్లో నిషేధించింది. నిషేధం సంగతి అలా ఉంచినా, మాత్ర చేతిని నిలబెడుతుందే కాని తగిలిందని చెప్పే నోటిని నిలబెట్టదు.

మరి రెండు షిఫ్టులు చేసేవారికి, మోకాళ్లు అరిగినవారికి ఇంత సాధన ఎలా కుదురుతుంది? కుదరదు. వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. అనుమానం ఉన్న దెబ్బ కొట్టకముందే పక్కనున్నవారిని పిలిచి చూడమనే ఆచారం పూల్ హాళ్లలో ఉంది. సత్తువ తగ్గిందని తెలిసినవారు రాత్రి పొద్దుపోయాక ఆ సాయం మొహమాటపడకుండా అడగాలి. అడిగితే తన మీద తనకే నమ్మకం లేదనుకుంటారేమోనని మనవాళ్లకు బెరుకు. పిలవవలసిన మనిషి కూడా తెలుగువాడే అయితే మరీను.