చల్లారితే చాలా?

కోపం చల్లారితే అన్నీ సర్దుకుంటాయనేది అమ్మ. నమ్మాను. బి.ఏ. చదివినదాన్ని, సైన్సు నాకు ఆమడ దూరం. మొన్న మా మేనల్లుడు చెప్పిన సంగతి మాత్రం మనసులో గుచ్చుకుంది.

లిథియం హోల్మియం ఫ్లోరైడ్ అనే స్ఫటికాన్ని పరమశూన్య ఉష్ణోగ్రతకు 1.53 డిగ్రీల దగ్గరికి చల్లబరిస్తే, లోపలి పరమాణు అయస్కాంతాలన్నీ బుద్ధిగా వరసలో నిలబడతాయట. అమ్మ మాటే నిజమన్నమాట! కానీ 1996లో శాస్త్రజ్ఞులు ఇంకా చల్లబరిచి, అడ్డంగా సుమారు 5 టెస్లాల అయస్కాంత క్షేత్రం పెట్టారు. ఆ వరస చెదిరిపోయింది. వేడి వల్ల కాదు, అడ్డం వల్ల! ఆ హద్దునే క్వాంటం సందిగ్ధ బిందువు అంటారట.

చెల్లెలితో పదేళ్ళుగా పోట్లాట లేదు, మాటా లేదు. చల్లారిందనుకున్నాను. అడ్డంగా నిలబడ్డది నా పంతమేనేమో! అది తీయవలసిందీ నేనే కదా?

ఇవాళ నేనే ఫోన్ చేశాను. "అక్కా!" అంది.