‘ఊ’ అన్నానే గాని...

మా పక్కింటి పిన్నిగారు పది రోజులపాటు నోరు తెరవకుండా కూర్చుని వచ్చారంటే మా వీధిలో యెవరూ నమ్మలేదు. అందరికంటే ముందు నేనే నమ్మలేదు. పాలబ్బాయితో పావుగంట, కూరలబండి అమ్మాయితో అరగంట మాట్లాడితే తప్ప ఆవిడకి తెల్లవారినట్టు వుండదు మరి. అటువంటి మనిషి నాగార్జునసాగర్ రోడ్డుమీద, వనస్థలిపురం దాటాక వున్న ‘ధమ్మఖేత్త’ విపశ్యనా కేంద్రానికి వెళ్లి, తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడితే లేచి, సాయంత్రం టీ, పళ్లతో సరిపెట్టుకుని, పది రోజులూ పూర్తిచేసి వచ్చారు.

“ఏం నేర్పారు పిన్నిగారూ?” అన్నాను ఆత్రం పట్టలేక.

“ముక్కు దగ్గర ఊపిరి వచ్చీ పోయీ వుంటుంది కదా, దాన్ని చూస్తూ కూర్చోమన్నారు అమ్మాయీ.”

“అంతేనా?”

“మొదటి మూడు రోజులూ అంతే. అదే చేతకాలేదు నాకు. ఒక్క ఊపిరి చూసేలోగా మా కోడలు గుర్తొచ్చేది.”

నాకు నవ్వొచ్చింది. పుట్టిన క్షణం నుంచీ యెవరూ నేర్పకుండా చేస్తున్న పనికి పది రోజుల శిక్షణా! అయితే పిన్నిగారి మొహంలో యేదో తేటదనం కనిపించి, నవ్వు ఆపుకున్నాను.

ఆ తరవాత కుతూహలం కొద్దీ కొంత చదివాను. ఈ పద్ధతిని పాళీ భాషలో ‘ఆనాపానసతి’ అంటారు. బుద్ధుడు దీని గురించి చెప్పిన సుత్తం మజ్ఝిమ నికాయంలో వుంది. మన కాలంలో దీన్ని యిటువంటి కేంద్రాల ద్వారా వ్యాపింపజేసిన గోయెంకాగారు 1924లో బర్మాలో పుట్టారు. సన్యాసి కాదు, సంసారి, వ్యాపారస్థుడు. విడవని తలనొప్పితో బాధపడుతూ ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరికి వెళ్లారట. ఆ గురువు కూడా సన్యాసి కాదండోయ్, బర్మా ప్రభుత్వంలో లెక్కల శాఖకి పెద్ద అధికారి! గోయెంకాగారు 1969లో భారతదేశానికి వచ్చారు. 1976లో మన హైదరాబాదులో కేంద్రం వెలిసింది. ఆయన 2013లో పోయినా శిబిరాలు సాగుతూనే వున్నాయి. రుసుము అంటూ యేమీ వుండదు. ఒకసారి పూర్తిచేసినవాళ్లు తోచింది యిస్తే దాంతోనే నడుస్తాయి.

అన్నట్టు, అదే రోడ్డు పట్టుకుని పోతే నాగార్జునకొండ వైపే వెళ్తాం కదా. మూడో శతాబ్దంలో అక్కడి మహాచైత్యానికి దానమిచ్చింది ఇక్ష్వాకుల ఆడపడుచు చాంతిసిరి అని శాసనాలున్నాయి. ఇవన్నీ మనకి కొత్తగా వచ్చిన వింతలేం కావని చెప్పడానికి యీ మాట అన్నాను.

మన యోగశాస్త్రం మాత్రం తక్కువ తిందా? రోజుకి 21,600 శ్వాసలని పెద్దవాళ్లు లెక్క కట్టారు. నిమిషానికి 15 చొప్పున గుణించి చూడండి, సరిగ్గా సరిపోతుంది. ఊరికే కూర్చున్న పెద్ద మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడంటారు డాక్టర్లు. ఇంకో తమాషా కూడా వుంది, యింట్లోనే చూసుకోవచ్చు. మణికట్టు దగ్గర నాడిమీద వేలు పెట్టుకుని నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త తొందరపడుతుంది, వదిలేటప్పుడు నిదానిస్తుంది. “కోపం వచ్చినప్పుడు పది అంకెలు లెక్కపెట్టవే” అని మా అమ్మ యెందుకనేదో నాకు అప్పుడు అర్థమైంది.

ఇంతవరకూ బాగానే వుంది. కాని “నిన్న లేదు, రేపు లేదు, వున్నది యీ క్షణమే” అని యెవరైనా చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. రేపు లేకపోతే యివాళ రాత్రి మినప్పప్పు యెవరు నానబోస్తారు? పాలు తోడు పెట్టడం, సిలిండరు అయిపోయేలోగా యింకోటి తెప్పించడం, పిల్లల ఫీజు గడువు గుర్తుంచుకోవడం... ఇల్లాలి బతుకంతా రేపటి మీదే కదా నడిచేది! మనం యీ రాత్రి రేపటి గురించి ఆలోచిస్తేనే తక్కినవాళ్లు పొద్దున్నే హాయిగా వర్తమానంలో కూర్చుని ఇడ్లీలు తింటారు. ఈ మాట నేను పిన్నిగారితో గట్టిగానే అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, “పప్పు నానబోసేటప్పుడు పప్పు గురించి ఆలోచిస్తే తప్పేముందే? నువ్వు పప్పు నానబోస్తూ మీ ఆడపడుచు పదేళ్ల కిందట అన్న మాట గురించి ఆలోచిస్తావు. ఆవిడతో మాట్లాడేటప్పుడేమో పప్పు నానబోశానా లేదా అని ఆలోచిస్తావు,” అన్నారు.

నేను మాట్లాడలేకపోయాను. ఆవిడ ఆడపడుచు సంగతి యెత్తారు గాని, నాకు గుర్తొచ్చింది మా అత్తయ్య.

అత్తయ్య మా దగ్గర పందొమ్మిదేళ్లున్నారు. 2016లో, కార్తీకమాసంలో ఒక రాత్రి, వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుని నాతో యేదో చెప్పడం మొదలుపెట్టారు. మర్నాడు చుట్టాలొస్తున్నారు. నేను పులిహోరకి పోపు వేయిస్తున్నాను. చేతులు పొయ్యి దగ్గరున్నాయి, మనసేమో అబ్బాయి హాస్టలు ఖర్చు దగ్గర, మర్నాటి పాల దగ్గర, యెవరిని యే గదిలో పడుకోబెట్టాలన్న దగ్గర తిరుగుతోంది. “ఊ” అంటున్నాను, మధ్య మధ్య “అలాగా” అంటున్నాను. చాలాసేపే చెప్పారు. చివరికి “అంతే కదుటే అమ్మాయీ?” అన్నారు. “అంతేగా అత్తయ్యా” అన్నాను. ఆవిడ తృప్తిగా తలూపి, గోడ పట్టుకుని లేచి వెళ్లి పడుకున్నారు.

తెల్లవారి కాఫీ తీసుకువెళితే లేవలేదు.

నేను దేనికి “అంతేగా” అన్నానో నాకిప్పటికీ తెలీదు. ముందుగదిలో పేపరు చదువుకుంటున్న మావారిని అడిగాను. “ఏదో అమ్మ పెళ్లినాటి సంగతి కాబోలు. నేనూ సరిగా విన్లేదు,” అన్నారు. పులిహోర మాత్రం బాగా కుదిరింది. తినేవాళ్లే లేకపోయారు.

అందుకే ధ్యానం గురించి పత్రికల్లో రాసే లాభాల పట్టికలు చదివితే నాకు యేదో వెలితిగా వుంటుంది. రక్తపోటు తగ్గుతుంది, నిద్ర పడుతుంది అంటారు. కొందరికి మేలు చేయొచ్చు, కాదనను. అయితే ఆ ధైర్యంతో బీపీ మాత్రలు మానేయకండి. మనసు బాగా చెదిరి వున్నవాళ్లకి కళ్లు మూసుకు కూర్చుంటే గుబులు పెరగడమూ కద్దు. అటువంటివాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడటం మంచిది. నా గొడవ అది కాదు. పక్కన కూర్చున్న మనిషికి నేను బాకీ పడేది నా రక్తపోటు కాదు కదా, నా చెవి!

హార్వర్డులో యిద్దరు శాస్త్రజ్ఞులు 2010లో ఒక చిత్రమైన లెక్క ప్రకటించారు. 2,250 మందిని రోజులో యేదో ఒక వేళ ఫోనుద్వారా పలకరించి, “ఇప్పుడేం చేస్తున్నారు? దేన్ని గురించి ఆలోచిస్తున్నారు?” అని అడిగారట. దాదాపు నూటికి 47 సార్లు మనసు చేస్తున్న పనిమీద లేదని తేలింది. పైగా, అలా తిరిగే వేళల్లో మనుషులు తక్కువ సంతోషంగా వున్నారని కూడా తేలింది. కాస్త అటూ యిటూగా సగం వేళల్లో మనుషులు నాలాంటివాళ్లేనన్నమాట. వూరట కలగాలి, నాకు కలగలేదు.

ఏమైతేనేం, నేనూ మొదలుపెట్టాను. శిబిరానికి వెళ్లే వీలు లేదు. పొద్దున్నే పాలు కాగి, యింట్లోవాళ్లు లేవకముందు, వెనక వసారాలో పది నిమిషాలు కూర్చుంటాను. మొదటి రోజు ఆరు ఊపిరులు లెక్కపెట్టేసరికి గ్యాస్ కట్టేశానా లేదా అని అనుమానం వచ్చి లేచాను. (కట్టేశాను.) ఇప్పుడు ఇరవై దాకా వస్తోంది. ఏదో ఆలోచన వస్తుంది, వచ్చిందని గమనించి మళ్లీ ముక్కు దగ్గరికి రావాలి. పారిపోయిన దూడని మళ్లీ మళ్లీ తెచ్చి కట్టేసినట్టే వుంటుంది వ్యవహారం. ఆ దూడ ఎక్కువగా వెళ్లేది వంటింటి గుమ్మం దగ్గరి పీట దగ్గరికే.

దాన్ని తోలెయ్యాలా? గడిచిపోయింది కాబట్టి అత్తయ్యని మరిచిపోవాలా? ఆనాపానసతిలో ‘సతి’ అంటే పెళ్లాం కాదని మావారికి చెప్పాల్సి వచ్చింది. సంస్కృతంలో ‘స్మృతి’ అనే మాటే పాళీలో సతి అయింది. స్మృతి అంటే జ్ఞాపకం కదండీ. ఇది తెలిశాక నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది. ఆవిడ వస్తే రానిస్తున్నాను. వచ్చారని గమనించి, మళ్లీ ఊపిరి దగ్గరికి వస్తున్నాను.

మొన్న సాయంత్రం డాబామీద బట్టలు తియ్యడానికి వెళ్తుంటే పిన్నిగారు ప్రహరీగోడ దగ్గర ఆపారు. పడమట మబ్బు పట్టి వుంది. ఆవిడ తన కోడలి సంగతి యెత్తుకున్నారు. మామూలుగా అయితే “ఊ, ఊ” అంటూ మెట్లవైపు జరిగేదాన్నే. ఆవిడ గొంతు యెందుకో వణికినట్టు అనిపించి నిలబడిపోయాను. చెప్పిందంతా విన్నాను. మధ్యలో రెండు ప్రశ్నలు కూడా అడిగాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, “పొద్దున్నుంచీ యెవరితోనూ అనలేదే,” అన్నారు.

బట్టలు మాత్రం పూర్తిగా తడిసిపోయాయి. మావారి తెల్లచొక్కాతో సహా.