చెంబులోకి వచ్చే గోదావరి

రోజూ పొద్దున్నే కలశం ముందు కూర్చుని గోదావరిని పిలవడం నా వృత్తి. గంగనీ, యముననీ, కావేరినీ కూడా పిలుస్తాను. కానీ ఉప్పాడ పురోహితుడికి వాళ్ళు దూరపు చుట్టాలు, గోదావరి సొంత మేనత్త. సంకల్పంలో నేనెక్కడున్నానో చెప్పుకోవాలన్నా ఆవిడే ఆనవాలు: శ్రీశైలానికి ఈశాన్యాన, గంగా గోదావరుల నడుమ. చెంబులో ఉన్నవి కుళాయి నీళ్ళు. మంత్రం పూర్తయ్యేసరికి అవి గోదావరి అవుతాయని మా నాన్నగారు నేర్పారు. నేనూ నమ్ముతాను.

ఇబ్బంది ఈ నమ్మకంలోనే ఉంది. పిలిస్తే ఎక్కడికైనా వచ్చే నదికి పుట్టినచోట ఏం జరిగితే మనకేం?

2025 అక్టోబరులో మొంథా తుఫాను పోయాక మత్స్యకారుల పేటలోంచి ఒక ముసలావిడ శాంతి చేయించమని వచ్చింది. "ఇల్లు గంగమ్మ పట్టుకుపోయిందండి. తల్లికి అంత కోపం ఎందుకొచ్చిందంటారు అయ్యగారూ?" అంది. వాళ్ళకి సముద్రమే గంగమ్మ. తిథి చూసి పూజకి రోజు చెప్పాను. ఆవిడ అడిగింది తిథి కాదు.

మా ఊరి సంగతి అందరికీ తెలిసిందే. రాళ్ళు పోసినా, ఇసుక సంచుల గోడ కట్టినా సముద్రం లోపలికి వస్తూనే ఉంది. కాకినాడ బీచ్ రోడ్డు ప్రతి తుఫానుకీ తెగుతుంది. 2020లో నివర్ తుఫాను తర్వాత ఇసుకలో బంగారు రవ్వలు దొరుకుతున్నాయని ఊరు ఊరంతా ఒడ్డున వంగి ఏరుకుంది. అవి సముద్రం మింగిన పాత ఇళ్ళవీ, గుళ్ళవీ అని పెద్దలన్నారు. ఈ కోతకి కారణం ఒక్కటి కాదు. హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె పెరిగి అలల దారి మారింది, రేవు కట్టడాలు ఒడ్డు వెంట నడిచే ఇసుకని ఆపాయి, ఇక ఆనకట్టలు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళ లెక్క ప్రకారం 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు డెల్టాకి తెచ్చేది. 1990లకి అది 5.7 కోట్లకి పడిపోయింది. మిగతాది జాయక్వాడి, శ్రీరాంసాగర్ లాంటి జలాశయాల అడుగున పేరుకుంటోంది. గోదావరి పుట్టిన బ్రహ్మగిరి మీద రాయి పగిలింది కాబట్టే ఉప్పాడలో గోడ కూలిందని మాత్రం నేననను. అలా అనడం జ్యోతిషం, అదీ చవక జ్యోతిషం.

అయినా బ్రహ్మగిరి గురించి అడగాల్సిందే. మనవాళ్ళు కాలసర్ప పూజకని త్ర్యంబకం వెళ్తారు, కుశావర్తంలో మునుగుతారు, వచ్చేస్తారు. తలెత్తి కొండని చూసేవాళ్ళు తక్కువ. అరేబియా సముద్రం అక్కడికి ఎనభై కిలోమీటర్లే. అయినా నది అటు పోకుండా 1,465 కిలోమీటర్లు తూర్పుకి నడిచి మన దగ్గరికి వస్తుంది. వానాకాలంలో కొండ తాగిన నీళ్ళు నల్లరాతి పగుళ్ళలోంచి నెమ్మదిగా ఊరితేనే ఆ ఊట ఎండల్లో నిలుస్తుంది. చెట్టూ మట్టీ పోతే వాన వచ్చినదారినే పోతుంది. ఆ పరిసరాల్లో కొండల్ని ప్లాట్లకీ, రిసార్టులకీ తొలుస్తున్నారని నాసిక్ జనం ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. త్ర్యంబకం ఊళ్ళో నది కొంతమేర కాంక్రీటు పలకల కింద పారుతుంది. నాసిక్‌లో 2003 సింహస్థ మేళా కోసమని నది అడుగునే కాంక్రీటు పరిచారు. 2016 ఏప్రిల్‌లో అక్కడ స్నానాలు చేసే రామకుండం ఎండిపోతే ట్యాంకర్లతో నీళ్ళు తెచ్చి పోశారు. అక్కడి పురోహితుడు ఆ రోజు గోదావరిని ఎలా పిలిచాడో! 2025 చివర్లో, రాబోయే మేళాకి సాధువుల బస కోసం తపోవనంలో సుమారు 1,800 చెట్లు కొట్టాలన్నారు. మన సినిమాల్లో విలన్ సాయాజీ షిండే వెళ్ళి చెట్ల పక్షాన నిలబడ్డాడు. గురువు సింహరాశిలోకి వస్తే అక్కడ సింహస్థం, ఇక్కడ 2027 పుష్కరాలు. ముహూర్తం ఒకటే, స్నానం ఒకటే.

'గోదావరి తల్లికి మైలేమిటండీ' అనేవాళ్ళకి ఒక మాట. ఆచమనానికి నురగ లేని నీళ్ళు కావాలన్నది శాస్త్రమే. నీళ్ళలో ఉమ్మకు, మలమూత్రాలు వదలకు అన్నదీ శాస్త్రమే. నీటికి మైల అంటదనుకుంటే ఈ కట్టుబాట్లు దేనికి? మనువులో నేను సిగ్గుపడే మాటలు చాలా ఉన్నాయి. పదకొండో అధ్యాయంలోని ఉపపాతకాల జాబితా మాత్రం నన్ను వదలదు. అది గోవధతో మొదలవుతుంది. చేయించకూడనివాళ్ళకి యజ్ఞం చేయించడం ఆ వెంటనే వస్తుంది, అది నావంటివాళ్ళకి. ఇంకాస్త ముందుకి పోతే గనుల మీద అధికారం, మహాయంత్రాలు నడపడం, వంటచెరుకు కోసం పచ్చిచెట్లు నరకడం. మహాయంత్రాలంటే ప్రవాహాన్ని ఆపే కట్టలని కొందరు వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు.

ఇక్కడ నా గొంతులో వెలక్కాయ పడుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే సామర్లకోట కాలవ లేదు, ఆ కాలవ కింద బియ్యం లేవు, పిఠాపురం పాదగయలో నేను పెట్టించే పిండానికి మెతుకు లేదు. కాటన్ దొరకి తర్పణం వదిలే వాళ్ళున్న సీమ మనది. కట్ట కట్టడం పాపమైతే ఆ పాపాన్ని మూడు పూటలా తింటున్నాం. పోనీ కాదందామా అంటే, ఒండ్రు రాక సముద్రం ఇల్లు తీసుకుపోయిన ముసలావిడ ఎదురుగా కూర్చుని ఉంది. ఈ ముడి విప్పే ధర్మశాస్త్రం నా దగ్గర లేదు. గోవు చస్తే చంపినవాడు ఒకడుంటాడు. నది సన్నబడితే వేలు పెట్టి చూపడానికి ఒకడుండడు, అందుకే ప్రాయశ్చిత్తానికీ ఎవడూ రాడు.

ఆ నది పుట్టింది మాత్రం ప్రాయశ్చిత్తానికే. శివపురాణం చెప్పే గౌతముడి కథ చూడండి. కరువులో ఆయన దగ్గర నీళ్ళున్నాయని సాటి మునులకి కన్నుకుట్టింది. చేలో పడ్డ ఆవుని గడ్డిపోచతో అదిలిస్తే చచ్చిపడింది. అది మాయ ఆవు. పాపమే జరగలేదు. అయినా ఆయన వాదన పెట్టుకోలేదు. బ్రహ్మగిరి చుట్టూ ప్రదక్షిణ చేశాడు, తపస్సు చేశాడు, గంగని దింపాడు. చెయ్యని పాపాన్ని నెత్తికెత్తుకున్నవాడు తెచ్చిన నీళ్ళు ఇవి. చేసినవాటిని వదిలించుకోవడానికి వాటిలో మునుగుతున్నాం.

ఈ మధ్య స్నాన సంకల్పంలో 'నది విషయంలో తెలిసీ తెలియకా చేసిన పాపం పోవడానికి' అని ఒక ముక్క చేర్చి చెప్పిస్తున్నాను. మా గురువుగారు ఉంటే ఒప్పుకునేవారో కాదో. మొన్న చొల్లంగి అమావాస్యకి హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు ఆ మాట దగ్గర ఆగిపోయాడు.

"నదికి నేనేం చేశానండి పంతులుగారూ?"

"గౌతముడూ ఏమీ చెయ్యలేదు బాబూ, చెప్పు," అన్నాను.

చెప్పాడు. మునిగి లేచి తల తుడుచుకుంటూ, దీనికి దక్షిణ వేరేగా ఇవ్వాలా అని అడిగాడు.