మూడవ పిలుపు

రాయపూరు పేరు వినగనే శ్రీరామకృష్ణ వివేకానంద సాహిత్యముతో పరిచయము గలవారికి బాలనరేంద్రుడు జ్ఞప్తికి వచ్చును. అతడు పదునాలుగేండ్ల ప్రాయమున, 1877 లో, దట్టమైన అడవుల నడుమ ఎడ్లబండిపై ప్రయాణము చేసి ఆ పట్టణమునకు చేరెను. రెండేండ్లు తండ్రి చెంత గడపి 1879 లో కలకత్తాకు మరలెను. నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు ముఖ్యపట్టణమైన ఆ రాయపూరునకు ఆగ్నేయమున, ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరమున, చంపారణ్యమను మరియొక పుణ్యస్థలము కలదు. అది శ్రీ వల్లభాచార్యుల జన్మభూమి. ఉత్తరదేశమున ఎందరో కొలుచు ఆ ఆచార్యుడు తెలుగు తల్లిదండ్రుల బిడ్డ. ఆయన తల్లిని వ్రజభాషా గ్రంథములు నేటికిని ‘ఇల్లమ్మగారు’ అనియే పేర్కొనుచున్నవి. ఆ ‘గారు’ అను తెలుగు మన్నన అయిదు శతాబ్దములుగా చెక్కుచెదరక నిలిచియున్నది.

కాశిపై దండయాత్ర జరుగనున్నదను వార్త విని లక్ష్మణభట్టు గర్భవతియగు భార్యతో దక్షిణమునకు బయలుదేరెననియు, చంపారణ్యమున ఆమెకు నెలలు నిండకయే ప్రసవమయ్యెననియు సంప్రదాయము చెప్పుచున్నది. అది 1479 వ సంవత్సరము. శిశువునందు చలనము కానరాలేదు. మృతశిశువని తలచి తల్లిదండ్రులు ఆకులలో చుట్టి, ఒక శమీవృక్షము క్రింద నుంచి, కడుపుకోతతో ముందునకు సాగిరి. మరునాడు మరలివచ్చి చూడగా చుట్టును అగ్ని వలయమై కాపాడుచుండ, బిడ్డ ఆడుకొనుచుండెనట! తల్లిదండ్రులే ఆశ విడిచిన ప్రాణమును భగవంతుడు విడువలేదు. ఆ శిశువు పెరిగి పెద్దవాడై లోకమునకు బోధించిన ధర్మమంతయు ఈ ఒక్క వృత్తాంతమునందే బీజరూపమున ఇమిడియున్నది.

ఆ ధర్మమునకు పుష్టిమార్గమని పేరు. పుష్టి యనగా భగవదనుగ్రహము. దోషభూయిష్ఠుడగు జీవునకు నిర్దోషియగు భగవంతునితో సంబంధ మెట్లు కలుగును? ఈ ప్రశ్న వల్లభాచార్యులను మిక్కిలి వేధించెను. జీవుడు తన్నును తనదియగు సర్వమును స్వామికి సమర్పించుకొన్నచో, ఆ దోషములు స్వామిసేవకు అడ్డుగా నిలువజాలవని గోకులమున, యమునాతీరమున, ఆయనకు సమాధానము లభించెనని సంప్రదాయము.

అయినను సాధకుని హృదయమును అంతకంటె ఎక్కువగా పీడించు ప్రశ్న వేరొకటి కలదు. సమర్పణమునకు ముందు చేసిన తప్పులను భగవంతుడు మన్నించుననుటను నమ్మవచ్చును. సమర్పణమైన పిదప చేసిన తప్పుల గతి యేమి? ఒకమారు కన్నీటితో క్షమింపుమని వేడి, ఇక చేయనని మాట యిచ్చి, ఆ మాటను తప్పి, మరల వేడి, మరల తప్పినవాడు ఏ ముఖముతో పూజామందిరమున అడుగిడగలడు? అట్టివాడు క్రమముగా జపమును మానును. సత్సంగమునకు పోవుట మానును. దేవుని పటమువంక కన్నెత్తి చూచుటకే సిగ్గుపడును. తాను వినయముచే దూరముగా నున్నానని అతడు తలచును. కాని అట్లు దూరమగుటయే అతని అసలు పతనము.

ఈ ప్రశ్నకు ఉత్తరము వల్లభాచార్యుల జీవితమునందే కలదు. ఆయన రచించిన పదునారు చిన్న గ్రంథములలో ‘అంతఃకరణప్రబోధము’ ఒకటి. దాని యందలి శ్లోకములు మిక్కిలి కొద్ది. అది శిష్యులకు చేసిన బోధ కాదు, ప్రతివాదులతో చేసిన వాదమును కాదు. ఆచార్యుడు తన మనస్సునే యెదుట కూర్చుండబెట్టుకొని దానిని ఓదార్చుచున్నాడు! దిగ్విజయములు చేసిన ఆ మహాపండితునకు ఓదార్పేల కావలసివచ్చెను? తన ప్రభువు ఆజ్ఞను తాను రెండుమారులు నెరవేర్పలేదని ఆయనయే అందు ఒప్పుకొనుచున్నాడు. మొదటి ఆజ్ఞ గంగాసాగరసంగమమున వచ్చెను. రెండవది మధువనమున వచ్చెను. దేహమును, దేశమును విడిచి తన సన్నిధికి రమ్మని స్వామి పిలిచెను. ఆయన పోలేదు. భాగవతమునకు ‘సుబోధిని’ యను వ్యాఖ్యానము వ్రాయుచుండెను, శిష్యులుండిరి, సంసారముండెను. కారణము లెట్టివైనను పిలుపు పిలుపే, పోకుండుట పోకుండుటయే. దీనిని ఆయన దాచలేదు, కారణములు చూపి సమర్థించుకొనను లేదు.

అంతట మనస్సునకు ఆయన యిట్లు నచ్చజెప్పెను. సామాన్యురాలగు ఒక పడుచును రాజు వరించి రాణిని చేసెను. తరువాత నెప్పుడైన ఆమెకు రాజువలన అవమానము కలిగినను, పుట్టుకతో తెచ్చుకొన్నదేమి యామె పోగొట్టుకొన్నది? అట్లే సమర్పణమునకు పూర్వము నేనేమంత ఉత్తముడనని, నేడేదో గొప్పతనము జారిపోయినదని కుమిలిపోవలెను? ఇట్లు కుమిలిపోవుటలో సూక్ష్మమైన అహంకార మొకటి దాగియున్నది. ‘నావంటివాడు ఇట్లు పడవచ్చునా’ యను బాధలో స్వామిని గూర్చిన దుఃఖము స్వల్పము, తన పేరును గూర్చిన దుఃఖము అధికము. ఆచార్యుడు ఆ ముల్లును మొదట తీసివైచెను. ఆ పిమ్మట శ్రీకృష్ణుని లోకమందలి ప్రభువులవలె ఎన్నడును చూడరాదని మనస్సును హెచ్చరించెను. లోకప్రభువు తప్పులను లెక్కించి కొలువునుండి తొలగించును. ఈ ప్రభువు అట్టివాడు కాడు. నీవలన కానిచోట హరియే యున్నాడు, భ్రాంతి వలదని ఆయన తన మనస్సునకు ధైర్యము చెప్పెను.

అంతకంటె గొప్ప సాక్ష్యము ఆ వృత్తాంతమునందే కలదు. రెండుమారులు వినని సేవకునకు మూడవమారు ఆజ్ఞ వచ్చెను! క్షమ యనగా మరేమి? ఆకాశమునుండి ‘క్షమించితిని’ అను మాట వినబడవలెనని సాధకు డెదురుచూచును. తిరిగి పిలుచుటయే క్షమ. విసిగిన యజమాని మూడవమారు పని చెప్పడు. ఎవనికి మరల పని చెప్పబడుచున్నదో, వానిపై యజమానికి ఆశ తీరలేదనుట నిశ్చయము. ఆ మూడవ పిలుపునకు వల్లభాచార్యులు లేచిరి. సుబోధిని పూర్తికాలేదు, ద్వాదశ స్కంధములలో కొన్నింటికి మాత్రమే వ్యాఖ్యానము వెలసెను. దానినట్లే విడిచి, ప్రయాగ చెంతనున్న అడేలు గ్రామమునుండి కాశికి చేరి, సన్న్యసించి, 1530 ప్రాంతమున హనుమద్ఘట్టమున గంగాప్రవేశము చేసిరి.

“ఆయన మహాత్ముడు, గ్రంథరచనకై ఆలస్యము చేసెను. కోపమునకును, కామమునకును, మద్యమునకును లోబడి నిత్యము పడుచుండు సామాన్యునకు ఈ కథ ఎట్లు వర్తించును?” అని ఎవరైన అడుగవచ్చును. సూరదాసు వృత్తాంతము అందులకు సమాధానము. ఆగ్రా మథురల నడుమ యమునాతీరమున గౌఘాటమను చోట సూరదాసు వల్లభాచార్యులను దర్శించెను. భగవత్కీర్తన పాడుమని కోరగా, తాను పాపులలో అగ్రగణ్యుడనని దైన్యముతో పాడెను. ఆచార్యుడు దానికి మెచ్చుకొనలేదు. శూరుడవై యుండి ఇట్లు దేవురించనేల, భగవల్లీలలను వర్ణింపుమని ఆదేశించెను. పాపము లేదని ఆయన అనలేదు. దృష్టిని పాపమునుండి పతితపావనుని వైపునకు మరల్చుమని మాత్రమే చెప్పెను. ఆ దినమున చూపు మరల్చిన సూరదాసు వలన లోకమునకు ‘సూరసాగరము’ లభించెను.

క్రీస్తుభక్తుల గ్రంథమునందును ఇట్టి వృత్తాంతమే కలదు. సోదరుడు తప్పుచేసినచో ఎన్నిమారులు క్షమింపవలెను, ఏడుమారులు చాలునా యని పేతురు ఒకనాడు గురువు నడిగెను. డెబ్బదియేళ్ళు మారులని, అనగా లెక్క పెట్టవలదని, క్రీస్తు బదులు చెప్పెను. ఆ క్షమ తనకే అవసరమగునని పేతురు ఎరుగడు. గురువును బంధించిన రాత్రి, ఆయన యెవరో తానెరుగనని అతడు మూడుమారులు బొంకెను. కోడి కూయగా వెలుపలికిపోయి వెక్కివెక్కి యేడ్చెను. పునరుత్థానానంతరము తిబెరియ సరస్సుతీరమున క్రీస్తు అతనిని మూడుమారులు ఒకే ప్రశ్న అడిగెను: తన్ను ప్రేమించుచున్నావా యని. తప్పునుగూర్చి ఒక్క మాటయు ఎత్తలేదు. ప్రతిమారును తన గొర్రెలను కాయుమని పని అప్పగించెను. ఇచటను క్షమ పిలుపురూపముననే వచ్చెను. ఆ రాత్రియే గురుద్రోహము చేసిన యూదాయును పశ్చాత్తాపపడెను. అయితే మరలివచ్చుటకు బదులు నిరాశతో ప్రాణము తీసికొనెను. ఇరువురి కన్నీరును ఒకటియే. ఒకని కన్నీరు గురుపాదములవైపు ప్రవహించెను, రెండవవాని కన్నీరు అతనియందే ఇంకిపోయి అతనిని ముంచివైచెను.

క్షమ ఇంత సులభమైనచో తప్పుచేయుటకు భయమేల యని తలచువాడు క్షమను ఎరుగనివాడు. నామబలము నమ్ముకొని పాపము చేయుట నామాపరాధములలో నొకటియని పెద్దలు నిర్ణయించిరి. పోతన భాగవతము చదివిన తెలుగువారికి అజామిళుని కథ తెలియనిది కాదు. యమపాశములనుండి విడివడిన అజామిళుడు తిరిగి పాత యింటికి పోలేదు; పశ్చాత్తప్తుడై గంగాద్వారమునకు పోయి తపస్సు చేసెను. విడుదల నిజమైనదనుటకు అదియే గుర్తు. క్షమ పొందినవాడు తప్పు జరిగిన తావును, తప్పునకు తోడైన స్నేహమును విడుచును. ఇతరులకు కీడు చేసియున్నచో పోయి చేతనైనంత సరిదిద్దును. మనుష్యునకు ఈయవలసిన బాకీని దేవునియెదుట కన్నీటితో తీర్చలేడు.

ఛత్తీస్‌గఢ్ వరిపొలముల సీమ. వానకాలపు రాత్రి చెరువుకట్టకు గండి పడినచో అచటి రైతు ఏమి చేయును? ఈ కట్ట నిరుడును తెగినది, మొన్నను తెగినది, ఇక నాకీ వ్యవసాయమేల యని ఇంట కూర్చుండునా? పార భుజమున వేసికొని చీకటిలోనే పరుగెత్తును. గండి చిన్నదిగా నున్నప్పుడే మన్ను వేయును. ఆలస్యమైనకొలది నీరు పోవునని అతనికి తెలియును. సాధకుడును అట్లే చేయవలెను. రాత్రి పడినవాడు ఉదయపు జపమును మానరాదు; ఆనాడు తప్పక చేయవలెను. మనస్సు శుద్ధమైన పిదప దేవునియొద్దకు పోయెదననుట, రోగము నయమైన పిదప వైద్యునియొద్దకు పోయెదననుటవంటిది. పెద్ద ప్రతిజ్ఞలు చేయ నక్కరలేదు. వెంటనే చేయవలసిన చిన్నపనిని స్వామి ఆజ్ఞగా స్వీకరించి చేసిన చాలును. అదియే అతనికి వచ్చిన మూడవ పిలుపు; నూరవ పిలుపైనను దాని మాధుర్యము తరుగదు.

బిడ్డ బురద పూసికొని వచ్చినచో కడిగి యొడిలోనికి తీసికొనవలసినది తల్లియే కదా! ఆ యొడి యెల్లప్పుడును తెరచియే యున్నది. రావలసినది బిడ్డ. చంపారణ్యమున శమీవృక్షము క్రింద, అందరును ఆశ విడిచిన ప్రాణమును ఆ రాత్రి యెల్ల కాపాడిన కరుణ నేటికిని నిద్రించుట లేదు. తనపై తానే ఆశ విడిచిన సాధకుడు ఈ మాటను హృదయమున నిలుపుకొని, లేచి, మరల తన స్వామి సన్నిధికి పోవుగాక!