నీటి దారిలో వానప్రస్థం

అమెరికా తూర్పు తీరం వెంట, అట్లాంటిక్ మహాసముద్రానికి సమాంతరంగా, నదులను, ఉప్పుటేరులను, తీరపు సరస్సులను తవ్విన కాలువలతో కలుపుతూ సాగే జలమార్గాన్ని ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అంటారు. వర్జీనియా రాష్ట్రంలోని నార్‌ఫోక్ వద్ద సున్నా మైలుతో లెక్క మొదలయ్యే ఈ మార్గం ఫ్లోరిడాలోని మయామి చేరేసరికి సుమారు 1,090 మైళ్లు, అంటే దాదాపు 1,750 కిలోమీటర్లు అవుతుంది. దారిలో చాలా భాగం సముద్రపు అలల తాకిడి నేరుగా తగలకుండా ఇసుక దీవులు, నేలభాగాలు అడ్డుగా నిలుస్తాయి కనుక చిన్న తెరచాప పడవలు కూడా ఇందులో దూరప్రయాణం చేయగలవు. ఏటా శరదృతువులో, ఉత్తరాన చలి ముదరక ముందే, ఉద్యోగ బాధ్యతలు, పిల్లల పెంపకం ముగించుకున్న దంపతులు ఎందరో ఇంటికి తాళం వేసి, పడవనే నివాసంగా చేసుకొని దక్షిణానికి బయలుదేరుతారు. దీనిని వినోదయాత్రల కింద జమకట్టడం సులభమే. అయినా ఆశ్రమ ధర్మాల దృష్టితో పరిశీలించినవారికి ఇందులో వానప్రస్థ లక్షణాలు స్పష్టంగా గోచరిస్తాయి.

గృహస్థాశ్రమానికి, సన్న్యాసానికి నడుమ ఉండే మూడవ ఆశ్రమమే వానప్రస్థం. ఒంటిపై ముడతలు, తలపై నెరసిన వెంట్రుకలు కనిపించి, సంతానానికి సంతానం కలిగిన తరువాత గృహస్థు ఇల్లు విడిచి అరణ్యానికి వెళ్లాలని మనుస్మృతి ఆరవ అధ్యాయం విధించింది. భార్యను కుమారులకు అప్పగించి వెళ్లవచ్చునని, లేదా ఆమెతో కలిసే వెళ్లవచ్చునని అక్కడే రెండు మార్గాలు చెప్పింది. ఈ రెండవ మార్గానికి మన ప్రవచనాలలో దక్కవలసినంత చోటు దక్కలేదు. వైరాగ్యం అనగానే ఒంటరి పురుషుణ్ణి ఊహించుకోవడం అలవాటైపోయింది గాని, ఇద్దరూ కలిసి కోరికలను తగ్గించుకుంటూ పోవడం కూడా శాస్త్రసమ్మతమైన సాధనే.

పడవ జీవితం ఆ సాధనను బలవంతంగానైనా నేర్పుతుంది. తొట్టెలో పట్టినంత మంచినీరే స్నానానికీ వంటకూ సరిపోవాలి, ఎండ ఇచ్చినంత విద్యుత్తుతోనే దీపం వెలగాలి. అవసరానికి మించి కూడబెట్టుకోకపోవడాన్ని యోగశాస్త్రం అపరిగ్రహం అంటుంది. ఇల్లు వదలి వచ్చిన దంపతులకు ఇక్కడ అది నిత్యానుభవం. హద్దుకు లోబడక తప్పదన్న నియమం పడవ స్తంభానికీ వర్తిస్తుంది. ఈ మార్గంపై తెరవడానికి వీలులేని వంతెనలు సాధారణంగా నీటిమట్టానికి 65 అడుగుల ఎత్తులో నిర్మించబడినందున, అంతకు మించిన తెరచాప స్తంభం ఉన్నవారు ఈ దారిని వదలి బయటి సముద్రంలోకి పోవలసిందే.

కాలానికి లోబడడం ఇందులోని మరొక నియమం. అట్లాంటిక్ తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు ఉంటుంది గనుక, ఆ ముప్పు తగ్గేదాకా పడవ ఫలానా అక్షాంశ రేఖకు దక్షిణంగా దిగరాదని పెక్కు బీమా ఒప్పందాలు నిర్బంధిస్తాయి. వర్షకాలంలో యతులు సంచారం మాని ఒకే చోట నిలిచి, కార్తికంలో తిరిగి కదిలే చాతుర్మాస్య వ్రతానికి కూడా ప్రకృతిని అతిక్రమించరాదన్న ఎరుకే ఆధారం. జార్జియా తీరంలో చాలా చోట్ల ఆటుపోట్ల నడుమ నీటిమట్టం 7 అడుగులకు పైగా మారుతుంది. ఆటు సమయంలో ఇసుక మేటపై పడవ కూరుకుపోతే, మళ్లీ పోటు వచ్చి లేవనెత్తేదాకా గంటల తరబడి ఓర్పుతో కూర్చోవడమే తరచుగా మిగిలిన ఉపాయం. ఓర్పుతో పాటు దంపతుల నడుమ పొందిక కూడా కావాలి. సాయంత్రం లంగరు వేసే వేళ ఒకరు చుక్కాని వద్ద, మరొకరు ముందు భాగాన నిలుస్తారు. గాలి హోరులో మాట వినిపించదు కనుక ముందే అనుకున్న చేతి సంజ్ఞలతో పని నడిపిస్తారు. లోతుకు అయిదు నుంచి ఏడు రెట్ల పొడవున గొలుసు వదలితే గాని లంగరు గట్టిగా పట్టదు. వివాహంలో సప్తపది ఏడవ అడుగు సఖ్యానికి, అంటే సమానుల స్నేహానికి, సంబంధించినది. తొందరపాటుకు, అధికార స్వరానికి తావులేని ఈ పనిలో ఆ సఖ్యం ప్రతి సాయంత్రం పరీక్షకు నిలుస్తుంది.

అయితే ఈ యాత్రకు ఆధ్యాత్మికమైన బరువునిచ్చేది దారి ఆరంభంలోనే ఉంది. నార్‌ఫోక్ దాటిన తరువాత పడవలు ఎంచుకోగల రెండు మార్గాలలో ఒకటి డిస్మల్ స్వాంప్ కాలువ. సుమారు 22 మైళ్ల పొడవున, ఇరు చివరలా లాకులతో, చెట్ల బెరడులోని రసాయనం కలిసి తేనీటి రంగుకు మారిన నీటితో, ఇరువైపులా అడవి నడుమ ఇది తిన్నగా సాగుతుంది. 1793లో తవ్వకం ఆరంభమై 1805లో పడవలకు తెరుచుకున్న ఈ కాలువను ప్రధానంగా బానిసలుగా బంధించబడిన నల్లజాతివారు తవ్వారు. ఈ కాలువపై సరుకు పడవలు నడిపిన మోజెస్ గ్రాండీ అనే బానిస, 1843లో లండన్‌లో ప్రచురితమైన తన జీవితకథలో, మనుషులు నడుము లోతు లేదా అంతకు మించిన బురదనీటిలో నిలబడి తవ్విన తీరును వివరించాడు. ఆయన తన స్వేచ్ఛకు మూడుసార్లు ధర చెల్లించాడు. మొదటి రెండుసార్లు యజమానులు సొమ్ము తీసుకొని మాట తప్పారు. పెళ్లయిన కొద్ది నెలలకే, అమ్మకానికి తరలిస్తున్న బానిసల గుంపులో తన భార్యను ఆయన దారిలో చూశాడు, ఆ తరువాత ఆమెను మరెన్నడూ చూడలేదు. నేడు భార్యాభర్తలు కలిసి నిశ్చింతగా సాగిపోయే నీటిపై, దాంపత్యం అనే హక్కే లేని మనుషులు శ్రమించారన్న సంగతి తెలియకుండా చేసే యాత్ర ఎంత ప్రశాంతమైనదైనా అసంపూర్ణమే.

ఆ సంగతి తెలిసిన తరువాత మిగిలేది ఋణభావమే. మనిషి దేవ, ఋషి, పితృ ఋణాలతో పుడతాడని చెప్పిన వైదిక వాఙ్మయంలో, శతపథ బ్రాహ్మణం నాలుగవదిగా మనుష్య ఋణాన్ని చేర్చి, ఆశ్రయం, అన్నం ఇవ్వడం ద్వారా అది తీరుతుందని తెలిపింది. కాలువ దాటగానే వచ్చే ఎలిజబెత్ సిటీ అనే చిన్న పట్టణం ఆ ధర్మాన్ని ఆచరణలో చూపింది. అక్కడి రేవులో బాటసారి పడవలు రుసుము లేకుండా ఆగే వసతి ఏర్పడగా, 1983లో ఇద్దరు స్థానిక పెద్దలు వచ్చినవారికి ఆతిథ్యమిచ్చి, స్త్రీలకు తోటలోని గులాబీని అందించే సంప్రదాయానికి శ్రీకారం చుట్టారు.

జీవించి ఉన్నవారికి ఆతిథ్యంతో తీర్చగలిగిన ఋణం, కాలువ తవ్వి గతించినవారి విషయంలో అలా తీరదు. దానికీ మన కర్మకాండలో చోటుంది. పితృతర్పణం చివర, తల్లిదండ్రులు, బంధువులు, సంతానం లేక నీళ్లు వదిలేవారు కరవైన వారిని కూడా ఉద్దేశించి ఉదకం విడిచే విధి ఉంది. అమ్మకాలతో కుటుంబాలు చెదిరి, పేర్లు సైతం మిగలని ఆ శ్రామికులు కచ్చితంగా ఈ కోవకు చెందుతారు. అమెరికా తూర్పు తీరంలో స్థిరపడిన తెలుగు దంపతులు ఎవరైనా ఈ కాలువ మీదుగా సాగితే, ఆ విధిని అక్కడ ఆచరించడానికి ఏ కొత్త శాస్త్రమూ అవసరం లేదు.