తీగ తెగిందని పారేయకమ్మా

అమ్మలూ,

ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పలకడం లేదని, కొత్తది కావాలని నాన్నను అడిగావట. కొనేముందు నా మాట విను. సాధారణంగా పోయేది చెవిలో పెట్టుకునే స్పీకరు కాదు, జాక్ మెడ దగ్గర తీగ. ఫోనుకు చుట్టి బ్యాగులో పడేస్తావు కదా, ఆ వంపులోనే లోపలి రాగి తెగుతుంది. పై రబ్బరు మాత్రం చెక్కుచెదరదు. పాట పెట్టి అక్కడ అటూ ఇటూ వంచి చూడు. వచ్చి పోతూ ఉంటే రోగం అక్కడే.

ఒక్కోసారి బాలు పాట పెడితే వాయిద్యాలు మోగుతుంటాయి, ఆయన గొంతు మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంటుంది. రెండు చెవులకూ ఉమ్మడిగా ఉండే తీగ తెగితే జరిగేది ఇదే. రెండు స్పీకర్లూ ఒకే వరసలో కలిసిపోయి, కుడి ఎడమల మధ్య తేడా మాత్రమే వినిపిస్తుంది. గొంతును సాధారణంగా రెండు వైపులా సమానంగా ఉంచుతారు కాబట్టి అదే మాయమవుతుంది. పాత మోనో పాటైతే దాదాపు ఏమీ వినపడదు. విప్పకుండానే తెగిన తీగ ఏదో చెవితో పట్టేయడం నాకు ఇప్పటికీ భలే ఇష్టం.

జావంగ హాస్టల్లో వద్దు, సెలవులకు గీదం వచ్చినప్పుడు మనింట్లోనే చేద్దువుగాని. విశాఖ నుంచి కిరండుల్ రైల్లో వచ్చే మామయ్యకు చెబితే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్నటి 60/40 లెడ్డు తీగ, రోజిన్, 3.5 మిల్లీమీటర్ల జాక్ తెస్తాడు. ఇక్కడి దుకాణాల్లో అడిగేటట్టయితే లెడ్డును హిందీలో రాంగా అను. పాత జాక్ మీద గీతలు చూసుకో. రెండుంటే మైకు లేనిది, మూడుంటే మైకున్నది. కొత్తదీ అలాంటిదే కావాలి.

అసలు తిప్పలు తీగ కోశాక మొదలవుతాయి. లోపల ఎరుపు, ఆకుపచ్చ, రాగి రంగుల్లో సన్నని పోగులు, వాటితో కలిసి నైలాన్ దారం ఉంటాయి. ఆ రంగు అందానికి వేసింది కాదు, కరెంటు పక్కదానికి దాటకుండా వేసిన పూత. అది పోకుండా అతికితే పైకి చక్కగా అంటుకుంటుంది, లోపల పాట రాదు. చాలామంది ఇక్కడే విసుగెత్తి వదిలేస్తారు. బ్లేడుతో గీకితే పోగులు తెగుతాయి, అగ్గిపుల్లతో కాలిస్తే మసిపట్టి పెళుసుబారతాయి. దారం కత్తిరించి, తీగ కొసకు రోజిన్ అద్ది, ఐరన్ బిట్టు మీద నిలిపిన లెడ్డు చుక్కలో కొన్ని సెకన్లు ముంచు. పూత కాలి కొస వెండి రంగుకు తిరుగుతుంది. తిరగలేదా, మళ్లీ ముంచు. తొందరేమీ లేదు తల్లీ.

లెడ్డు 183 డిగ్రీలకే మెత్తబడుతుంది కానీ వేడి తగ్గితే అతుకు గరుకుగా, బలహీనంగా వస్తుంది. 230 వోల్టులు 180కి పడిపోతే నీ 25 వాట్ల ఐరన్ 15 వాట్లదే అవుతుంది. కరెంటు నీరసంగా ఉన్న పూట ఆ పని పెట్టుకోకు.

అతికేముందే జాక్ మూతను తీగకు ఎక్కించుకో. తర్వాత అది దూరదు, చేసిన అతుకంతా విప్పాల్సి వస్తుంది. జాక్‌ను ఏదైనా పాత సాకెట్‌లో గుచ్చి పట్టుకుంటే లోపలి ప్లాస్టిక్ కరిగినా పిన్నులు కదలవు. కొసకు ఎడమ, తర్వాతి పట్టీకి కుడి. ఇప్పటి నాలుగు పట్టీల జాక్‌లలో మూడోది ఉమ్మడి తీగకు, చివరిది మైకుకు. ఉమ్మడి తీగ సాధారణంగా రాగి రంగుదే అయినా మిగతా రంగులు కంపెనీకో రకం. నమ్మకుండా మల్టీమీటర్‌తో చూడు. కుడి, ఎడమ రెండూ 16 ఓములో 32 ఓములో దాదాపు సమానంగా చూపాలి. సున్నా చూపిందంటే ఎక్కడో రెండు పోగులు తాకుతున్నాయి. మైకు తీగ ఉమ్మడి తీగకు తాకితే బటన్ నొక్కినట్టే అనుకుని ఫోను పాట ఆపేస్తుంటుంది.

కిటికీ తెరిచి కూర్చో, రోజిన్ పొగ మీద ముఖం పెట్టకు. ముక్కలన్నీ ఏరి డబ్బాలో వేసి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తమ్ముణ్ని ఎత్తుకో. సీసం చిన్నపిల్లలకు చాలా చెడ్డది, వాడింకా దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసులోనే ఉన్నాడు.