విత్తనాల సంచి

“నారు పోసినవాడు నీరు పోయడా?” అనేవారు మా అత్తగారు. నేను పోస్టాఫీసులో పీపీఎఫ్ ఖాతా తెరిచి వచ్చిన రోజు కూడా అదే మాట. ముసలితనానికి డబ్బు దాచుకుంటే దేవుణ్ణి నమ్మనట్టేనా? చాలా ఏళ్లు ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

మా నాన్న విత్తనాల వడ్లలో వేపాకు కలిపి, సంచి మూతి పురికొసతో కుట్టి అటకెక్కించేవాడు. పంట పోయి ఇంటిల్లిపాదీ గంజి తాగిన ఏడు కూడా ఆ కుట్టు విప్పలేదు. దీపం పెట్టందే అన్నం ముట్టని మనిషాయన.

బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచిపోతూ ఆస్తిని ఇద్దరు భార్యలకు పంచబోతాడు. ధనంతో అమృతత్వం వస్తుందా అని మైత్రేయి అడిగితే రాదంటాడు. అందరూ ఆ ప్రశ్ననే తలుచుకుంటారు. నాకు మాత్రం దానికి ముందు జరిగింది ముఖ్యం. అన్నీ వదిలి వెళ్లేవాడు కూడా వెనక ఉండేవాళ్ల సంగతి తేల్చాలనుకున్నాడు.

పీపీఎఫ్ గడువు 15 ఏళ్లు. ఏడాదికి 500 నుంచి 1.5 లక్షల దాకా కట్టొచ్చు. 7.1 శాతం వడ్డీ అయితే సొమ్ము రెట్టింపవడానికి పదేళ్లు పడుతుంది. మొదట్లో పాస్‌బుక్‌లో పెరుగుదల కంటికే ఆనదు. ఫలం కోసం చూడకుండా కట్టడం గీత చదివినదానికంటే నాకు అక్కడే ఎక్కువ అలవాటైంది.

ఏడో ఏడు దాటాక అత్తగారి మోకాలి ఆపరేషన్‌కు అందులోంచే కొంత తీశాను. “దేవుడిచ్చాడమ్మా” అన్నారు. అవునత్తయ్యా అన్నాను.